ఏడు కుట్లు, రెండు చెవులు

నేను చెప్పే ఏ సంగతిలోనైనా రూపాయికి పావలా తీసేసి వినాలని మా ఆయన బజారంతా చెప్పి పెట్టాడు. ఈ ఒమన్ ప్రయాణం విషయంలో ఆ శ్రమ మీకు అక్కర్లేదు. ఆ పావలా నేనే ముందుగా తీసేశాను. గొడుగు సంగతి ఒక్కటి మాత్రం మీ ఇష్టానికి వదిలేస్తున్నాను.

నిజామాబాద్‌లో మాది పెళ్లి సామాన్ల దుకాణం. పోకలు, ఎండు కొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, ఎండు ఖర్జూరాలు అమ్ముతాం. మా వైపు ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తే బియ్యంతో పాటు ఇవన్నీ ఒడిలో పడాలి. ఎండు ఖర్జూరం లేని ఒడిబియ్యం పెళ్లికొడుకు రాని బరాత్ లాంటిది. అయితే ఆ ఖర్జూరం ఎక్కడ పండుతుందో యాభై ఒక్క ఏళ్లు వచ్చినా నేనెప్పుడూ అడగలేదు. బస్తాలోనే పండుతుందనుకున్నాను.

తీరా చూస్తే అది ఎక్కువగా పాకిస్తాన్ నుంచి వచ్చేదట. మొదట దాని మీద మన ప్రభుత్వం రెండు వందల శాతం సుంకం వేసింది. అంటే మేకను కొంటే తాడు ధర మేకకు రెండింతలన్నమాట. తర్వాత మేకే వద్దంది. నిషేధించాక ఆ సరుకే వేరే దేశం సంచుల్లో దూరి, పేరు మార్చుకుని రావడం మొదలుపెట్టింది. దాంతో రేవులో కస్టమ్స్ వాళ్లకు ఎండు ఖర్జూరం కనబడితే చాలు, గోడ దూకిన దొంగ కనబడ్డట్టే.

ఇంతలో ఒమన్‌తో మనకు కొత్త వాణిజ్య ఒప్పందం కుదిరిందన్నారు. అక్కడి ఖర్జూరానికి కొంత మేర సుంకం తగ్గుతుందన్నారు. నేను ఎగిరి గంతేసి మస్కట్ వ్యాపారి ఒకాయనకు నాలుగు వందల బస్తాలు చెప్పాను. శ్రావణమాసం పెళ్లిళ్లకు అందాలని మాట. సరుకు ముంబై రేవులో దిగింది. దిగి, ఆగింది.

"ఒమన్ సరుకు మెషిన్ కుట్టుతో వస్తది మేడమ్. ఇది చేతి కుట్టు. అది కూడా మన దేశపు కుట్టు. ఎక్కడో మనోళ్లే సంచులు మార్చిన్రని అధికారికి అనుమానం" అని రేవులోని మా ఏజెంటు ఫోన్ చేశాడు. ఏ తోటలో ఉడికింది, ఎవరు సంచికెత్తారు, పదిహేను రోజుల్లో రుజువు చూపాలి. లేకపోతే సరుకు మొత్తం ధ్వంసం చేస్తారు, నా దిగుమతి లైసెన్సు కూడా పోతుంది.

అతను ఒక సంచి మూతి కోసి, అందులోని పది ఖర్జూరాలతో కలిపి కొరియర్‌లో పంపాడు. దాన్ని చూడగానే నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. మూతికి అడ్డంగా ఏడు కుట్లు, రెండు మూలలా పట్టి లేపడానికి రెండు చెవులు, చివర దారం వెనక్కి తిరిగి ఎడమ చెవిలో దాక్కోవడం. మా నాన్న పసుపు దళారీ. నేను అడుగులు నేర్చింది నిజామాబాద్ పసుపు యార్డులో, బస్తాల మధ్య. ఇది మా యార్డు హమాలీల కుట్టు. సముద్రం అవతల నా ఖర్జూరాన్ని మా ఊరివాడెవడో కుట్టాడు. వాడు దొంగల గోదాములో కుట్టాడా, దొరల తోటలో కుట్టాడా అన్నదే తేలాలి.

కోసిన మూతి, పది ఖర్జూరాలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బయలుదేరాను.

మస్కట్: అమెరికా వెళ్లని రొయ్యలు

జులైలో మస్కట్‌లో విమానం దిగగానే ఎవరో నా ముఖం ముందు ఇడ్లీ పాత్ర మూత తీసినట్టనిపించింది. ఎండకు గొడుగు వేశాను. కాసేపటికి చూస్తే గొడుగే నా నీడలోకి వచ్చి నిలబడింది.

ఖురం అనే పేటలో రావుగారింట్లో దిగాను. ఆయనది కాకినాడ. సరుకుల ఎగుమతి కాగితాలు చూసే కంపెనీలో ఉద్యోగం. మా ఏజెంటుకు దూరపు పరిచయం. రావుగారికి ప్రపంచంలో రెండే ఇష్టాలు: ఇంకెవరి కాగితాల్లోనైనా తప్పు పట్టుకోవడం, దాన్ని విడమరచి చెప్పడం.

"పుష్పగారూ, ఇదివరకు సరుకు బాగుందా లేదా అని చూసేవారండి. ఇప్పుడు దాని గోత్రనామాలు అడుగుతున్నారు. ఏ ఊళ్లో పుట్టింది, ఏ తల్లి కన్నది, ఏ మేనమామ ఎత్తుకున్నాడు, అన్నీ చెప్పాలండి" అన్నారు.

"పెళ్లి సామాన్ల దుకాణందాన్ని, గోత్రాలు నాకు కొత్తనా? ఎంతమంది గోత్రాలు నేనే మార్చిన!" అన్నాను.

ఆయన కంగారుపడ్డారు. "ఇక్కడ మార్చకండి తల్లీ! మీరు పెట్టే ప్రతి పేరూ ఇక్కడి ఆఫీసులో కార్డు నంబరుతో సహా సరిచూస్తారు. ఉత్తుత్తి పేరు రాశారో, మీ లైసెన్సు మీరు మర్చిపోవచ్చు."

భోజనానికి ఆయన భార్య లలితగారు రొయ్యల కూర పెట్టారు. ఒక్కో రొయ్య నా బొటనవేలంత ఉంది. పావలా తీసేసి చెప్తున్నాను, అసలు అరచేయంత అనబోయాను.

"ఇవన్నీ అమెరికా వెళ్లాల్సినవండి. ఆయనెవరో అక్కడ సంతకం పెట్టి మన రొయ్య మీద సుంకం ఏకంగా ధరలో సగం చేసేశాడు కదా. మా తమ్ముడు వీటిని ఎటు పంపాలో తెలియక దేశాలన్నిటికీ ఫోన్లు చేస్తున్నాడు. ఇక్కడెవరో కొన్ని తెప్పించారు. తినండి, ఇంకోటి వేసుకోండి" అన్నారు లలితగారు, గరిటె నా కంచం మీదే పట్టుకుని.

ఎక్కడో ఒకాయన సంతకం పెడితే ఇంకెక్కడో నా కంచంలో రొయ్య సైజు మారింది. ప్రపంచ ఆర్థిక వ్యవస్థ గురించి నాకు అర్థమైంది ఇంతే. రుచిగా కూడా ఉంది.

మర్నాడు మస్కట్ వ్యాపారి దగ్గరికి వెళ్తే ఆయన నా చేతిలోని సంచి మూతి మీది రంగు గుర్తు చూసి, "ఇవి సమాయిల్ గోదాము నుంచి కొన్నాను. అంతకు ముందు సంగతి నాకు తెలియదు" అన్నాడు. నిజం చెప్తున్నవాడిలాగే ఉన్నాడు. నాకు ఆ ముఖం బాగా తెలుసు. అద్దం ముందు చాలాసార్లు సాధన చేశాను.

సమాయిల్: ఎవరూ తినని పండు

సమాయిల్ అంటే కొండల మధ్య ఖర్జూర తోటలు. రాళ్లు కాలిపోతుంటాయి, వాటి పక్కనే సన్నటి కాలువలో చల్లటి నీళ్లు పారుతుంటాయి. ఒక్కో తోటకు ఇన్ని గంటల నీళ్లని వంతు. మా ఊళ్లో కరెంటు వంతు కోసం రైతులు కర్రలు పట్టుకుంటారు. ఇక్కడ వంతు అయిపోగానే ఒకాయన వచ్చి కాలువకు గుడ్డ మూట అడ్డం పెట్టి, సలాం చెప్పి వెళ్లిపోయాడు. ఒక్క తిట్టు కూడా లేదు. నాకైతే ఏదో వెలితిగా అనిపించింది.

గోదాము పెద్దాయన నన్ను చాప మీద కూర్చోబెట్టి, ముందు ఖర్జూరాలు, తర్వాత చిన్న గిన్నెలో చేదు కాఫీ ఇచ్చాడు. చాలన్నప్పుడు గిన్నె అటూ ఇటూ ఊపాలి. ఆ సంగతి నాకు తెలియదు. మర్యాద కోసం పోసిందల్లా తాగాను. ఏడో గిన్నెకు ఆయన ముఖంలో ఆందోళన, తొమ్మిదో గిన్నెకు నా చేతుల్లో వణుకు. ఆ వణుకుకే గిన్నె ఊగింది, ఆయన ఆపేశాడు.

నా బ్యాగులోని ఎండు ఖర్జూరం తీసి చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, కొరక్కుండానే తిరిగిచ్చాడు.

"ఇది మబ్సలీ రకం. మా సమాయిల్‌ది కాదు. తూర్పు వైపు పల్లెల్లో పచ్చికాయను రాగి కొప్పెరల్లో ఉడికించి ఎండబెడతారు" అన్నాడు. ఆయన హిందీ నా హిందీ కంటే బాగుంది.

"తిని చూడండి" అన్నాను.

"ఇది మేము తినం. మీ ఇండియా వాళ్ల కోసమే ఉడికిస్తారు. మా తాతల నాటి నుంచీ పడవల్లో మీకే వెళ్తుంది. మీరు ఎలా తింటారు దీన్ని?"

నేను ఆలోచనలో పడ్డాను. మా దగ్గర దాన్ని ఒడిలో పోస్తారు. ఒడిలోంచి డబ్బాలోకి, డబ్బాలోంచి ఇంకొకరి ఒడిలోకి వెళ్తుంది. ఏడాదికోసారి పిల్లలెవరో ఒకటి చప్పరించి పన్ను నొప్పని ఏడుస్తారు. "మేము కూడా తినం" అన్నాను.

పెద్దాయన చాలాసేపు నవ్వాడు. వీళ్లు తినరు, మేము తినం. దాని కోసం ఇన్ని దేశాలు సుంకాలూ నిషేధాలూ ఒప్పందాలూ చేసుకుంటున్నాయి.

తీసుకెళ్లిన సంచి మూతి చూపించాను. చూడగానే గుర్తుపట్టాడు. "ఈ చెవుల సంచుల ఖర్జూరం నేను శుక్రవారం నిజ్వా సంతలో ఒకడి దగ్గర కొంటాను. వాడి బండికి ఒక పక్క తలుపు ఉండదు" అన్నాడు.

నిజ్వా: మేకతో ఒక చుట్టు

నిజ్వాకు బస్సులో వెళ్లాను. పక్క సీట్లలో నలుగురు జగిత్యాల వైపు కుర్రాళ్లు పని సైట్‌కు పోతూ, నా కథ వింటూనే నిద్రపోయారు. నా కథలకు నిద్రపోని జనం ఇంకా పుట్టలేదని మా ఆయన అంటుంటాడు.

శుక్రవారం పొద్దున కోట పక్కనే మేకల సంత. కొనేవాళ్లు గుండ్రంగా నిలబడతారు, అమ్మేవాళ్లు మేకను పట్టుకుని మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ధర అరుస్తుంటారు. మా యార్డులో ఒకప్పుడు రుమాలు కింద వేళ్లు పట్టుకుని గుట్టుగా బేరమాడేవారు. ఇక్కడ మేకకు కూడా తన ధర వినిపిస్తుంది.

ఒక నల్ల మేక కొమ్ములు ముచ్చటగా ఉంటే చెయ్యి చాచాను. దాని యజమాని నన్ను ఎవరనుకున్నాడో, తాడు నా చేతిలో పెట్టి పక్క దుకాణానికి పరుగెత్తాడు. వెనక నుంచి తోపులాట. ఆగితే తొక్కేస్తారు. నేను మేకతో నడవడం మొదలుపెట్టాను. ఒక ముసలాయన మేక నడుం నొక్కి, "నలభై" అన్నాడు. నేను ఆయన్ను ఎగాదిగా చూసి, "నలభైయా? తోకకా?" అన్నాను హిందీలో. జనం నవ్వారు. నలభై ఐదు, యాభై, యాభై ఎనిమిది. చుట్టు పూర్తయ్యేసరికి అరవై ఐదు రియాళ్లకు మేకను అమ్మేశాను. రియాల్ అంటే మన రెండు వందల పైచిలుకు రూపాయలు.

యజమాని పరుగెత్తుకుంటూ వచ్చి డబ్బు చూసి నోరు తెరిచాడు. ముప్పై ఏళ్లుంటాయి, పేరు సాలిమ్. "నేను యాభై వస్తే చాలనుకున్నాను. మా ఇంటికి రా అక్కా, భోజనం చేసి వెళ్లు" అన్నాడు.

అక్కా?

హిందీ మాటల మధ్య తెలుగు మాట. "ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను. సాలిమ్ ముఖం పాలిపోయింది. "టీవీలో" అన్నాడు. అతని వెనకే అతని బండి ఉంది. ఒక పక్క తలుపు లేదు.

రాగి కొప్పెరల పల్లె

ఆ పల్లె పేరు చెప్పను. నిజ్వాకు తూర్పున రెండు గంటలకు పైగా ప్రయాణం. పిలిచిన భోజనం వద్దనలేక సాలిమ్ నన్ను బండెక్కించుకున్నాడు, తలుపు లేని వైపు నేనే కూర్చున్నాను. ఎర్ర ఇసుక సగం నా కొంగులోకి వచ్చింది.

దూరం నుంచే తియ్యటి ఆవిరి వాసన తగిలింది. మట్టి పొయ్యిల మీద ఒక్కోటి మనిషి కూర్చునేంత రాగి కొప్పెర. కింద ఖర్జూర మట్టల మంట, పైన పసుపు పచ్చటి కాయలు కుతకుత ఉడుకుతున్నాయి. మా వైపు పసుపు ఉడికించేది కూడా ఇలాగే. రంగు కూడా అదే. నీళ్లు వార్చి ఆరుబయట నేల మీద పరిస్తే నాలుగైదు రోజుల్లో ఎండ వాటిని ముడతలు పెట్టేస్తుంది. నన్ను నలభై నిమిషాల్లో పెట్టింది.

సాలిమ్ వాళ్లమ్మను అందరూ ఉమ్ సాలిమ్ అంటారు, అంటే సాలిమ్ తల్లి అనే. అరవై దాటిన మనిషి. నన్ను ఆడవాళ్ల గదిలో కూర్చోబెట్టి, పెద్ద పళ్లెంలో అన్నం, ఎండు సొరచేప వేపుడు పెట్టింది. తింటున్నంతసేపూ ఆమె చేతులు ఈతాకుతో బుట్ట అల్లుతూనే ఉన్నాయి.

భోజనం అయ్యాక అడిగాను. "సంచులు ఎవరు కుడతారు సాలిమ్?"

"మెషిన్" అన్నాడు, నేల చూస్తూ.

పెరట్లో సంచులు గుట్టగా ఉన్నాయి. ప్రతిదానికీ ఏడు కుట్లు, రెండు చెవులు. నా పదిహేను రోజుల్లో ఎనిమిది అయిపోయాయి. ఇక మర్యాదగా అడిగి లాభం లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, పసుపు యార్డులో మా నాన్న అరిచే గొంతు తెచ్చుకున్నాను.

"ఎవడ్రా ఈ సంచి కుట్టింది? గివి చెవులా, ఎలుక తోకలా? గిట్ల కుడ్తే మన యార్డుల హమాలీలు నిన్ను గేటు లోపటికి రానిస్తరా? పట్టి లేపుతె ఊడి కాళ్ల మీద పడ్తది!"

మూడు లెక్కపెట్టేలోగా మట్టల పందిరి వెనక నుంచి దబ్బనం పట్టుకుని ఒకడు బయటికి దూసుకొచ్చాడు.

"ఎవరక్కా నువ్వు, నా కుట్టుకు పేరు పెడ్తున్నవ్? పదేండ్లు నిజామాబాద్ యార్డుల కుట్టిన! ఒక్క సంచి ఊడినట్టు చూపియ్యి, గీడనే ముక్కు భూమికి రాస్త!"

సాలిమ్ తల పట్టుకుని కూర్చున్నాడు. నేను నవ్వి, "మంచిగ కుట్టినవ్ తమ్ముడూ. ఊకె అన్న. నువ్వు బయటికి రావాలె గదా" అన్నాను. మనిషి కోపం తుస్సుమంది. దబ్బనం వెనక దాచుకున్నాడు, చిన్నపిల్లాడు బెల్లం దాచుకున్నట్టు.

ఒక పేరు రాయాలి

పేరు గంగారాం. ఆర్మూర్ పక్క పల్లె. కంపెనీ వీసా మీద వచ్చాడు. సైట్ మధ్యలో ఆగిపోయింది, జీతాలు ఆగిపోయాయి, ఇతను బయటికి వచ్చేశాడు. అలా కంపెనీ వదిలేసి కాగితాలు లేకుండా తిరిగేవాళ్లను గల్ఫ్‌లో మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు.

"నా పతాక చచ్చిపోయి నాలుగేండ్లాయె అక్కా" అన్నాడు గంగారాం. పతాక అంటే ఇక్కడి నివాస కార్డు. "ఇంటికి పోక ఆరేండ్లు. పోదామంటే జుర్మానా కట్టాలె, ఎంబసీ కాడ లైన్ల నిలవడాలె, పోలీసుల ముందలికి పోవాలె. ఇయ్యాల రేపు అనుకుంట గీడనే పడున్న. సాలిమ్ మంచోడు, అన్నం పెడ్తడు, పైసలిస్తడు."

నేను సంగతంతా చెప్పి, రేవుకు పంపాల్సిన కాగితం తీశాను. తోట యజమాని పేరు. ఉడికించిన చోటు. సంచికెత్తినవారి పేరు, కార్డు నంబరు.

ముగ్గురం ఆ చివరి గీత చూస్తూ కూర్చున్నాం. గంగారాం పేరు రాస్తే నా నాలుగు వందల బస్తాలు బయటపడతాయి, అతను లోపలికి పోతాడు, పనిలో పెట్టుకున్నందుకు సాలిమ్‌కు జరిమానా. ఉత్తుత్తి పేరు రాస్తే రావుగారు చెప్పినట్టు నా లైసెన్సే పోతుంది.

మా ఆయనకు ఫోన్ చేశాను. "జన్మంత అబద్ధాలాడినవ్. పనికొచ్చే అబద్ధం ఒక్కటి దొర్కుతలేదా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం రెండు గంటల పాటు నేను గంగారాం పేరు రాసేద్దామనే అనుకున్నాను. దాచను. ఒడ్డున ఉన్న నా సరుకు, నీళ్లలో ఉన్న ఎవడో మనిషి. పైగా వాడే అన్నాడు, "రాస్కో అక్కా. పట్టుకుంటె పట్టుకోని, గట్లనన్న ఇంటికి పోత" అని. అంటూనే దబ్బనాన్ని గోటితో గీకుతున్నాడు. భయపడేవాడి చేతులు నాకు తెలియకపోవు.

కలం మూత పెట్టేశాను.

ఉమ్ సాలిమ్ బుట్ట అల్లుతూ ఇదంతా చూస్తూనే ఉంది. కొడుకును అడిగి సంగతి తెలుసుకుంది. తర్వాత బుట్ట పక్కన పెట్టి ఏదో గట్టిగా అంది. సాలిమ్ నాకు చెప్పాడు: "కాగితంలో అడిగింది సంచికెత్తిందెవరని కదా, కుట్టిందెవరని కాదు కదా అంటోంది. ప్రతి సంచీ నింపింది తనేనట. గంగారాం మూతి కుట్టాడంతే. తన పేరు రాయమంటోంది."

అక్షరాలా నిజం. ఆ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. నిజంతో నాకు అలవాటు తక్కువ.

"కానీ వాళ్లకు అనుమానం వచ్చిందే కుట్టు మీద. చూపించమంటే?" అన్నాను.

ముసలమ్మ గంగారాం చేతిలోని దబ్బనం లాక్కుంది.

రెండు రోజులు పాఠం సాగింది. గురువు తెలుగులో, శిష్యురాలు అరబ్బీలో. "గట్ల గాదమ్మా, మూడోది కిందికెల్లి తియ్యాలె. అయ్యో, చెవి మల్లలే!" అని గంగారాం అరవడం, ఆమె వాడి నెత్తి మీద ఒకటి పెట్టడం. "ఎంత తిట్టినా పర్వలే, దారం గుంజి పట్టు" అని వీడు మళ్లీ. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమవుతున్నట్టే ఉంది. ఈతాకు అల్లిన వేళ్లు కదా, రెండో రోజు సాయంత్రానికి ఆమె వీడికంటే వేగంగా కుడుతోంది. వీడు అలిగి అన్నం మానేశాడు. ఇది పావలా తీసేయకముందు సంగతి. ఒక ముద్ద తక్కువ తిన్నాడు.

సాలిమ్ ఉత్తరం రాశాడు: "ఈ ఖర్జూరం మా తోటలో పండింది, మా కొప్పెరల్లో ఉడికింది. సంచులు నింపింది మా అమ్మ. మూతి కుట్టు కొనేవారి ఊరి పద్ధతి. మా తోటలో అలాగే కుడతాం." ఆమె వేలిముద్ర వేసింది, కార్డు నంబరు ఇచ్చింది. ఆ కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఒక నిజం రాయలేదు, అంతే.

రేవులో ఎడమ చెవి

పన్నెండో రోజు ముంబై రేవు నుంచి వీడియో కాల్. అవతల మా ఏజెంటు, పక్కన అధికారి. నా కూతురి వయసుంటుంది, నవ్వు లేని మనిషి. ఇవతల కొప్పెర ముందు ఉమ్ సాలిమ్, పక్కన దుబాసీగా సాలిమ్. గంగారాం పందిరి వెనక. ఈసారి నేను ఎంత తిట్టినా బయటికి రానని ఒట్టేశాడు.

ముసలమ్మ కెమెరా ముందు ఒక సంచి కుట్టింది. ఏడు కుట్లు, రెండు చెవులు.

"కుట్టు ఎవరైనా నేర్చుకోవచ్చు" అంది అధికారి హిందీలో.

పిల్ల తెలివైంది. రెండు రోజుల్లో నేర్చుకోవచ్చని నాకంటే ఎవరికి తెలుసు?

ఇంతలో ఫోన్‌లో, అధికారి వెనక ఒక మనిషి నా బస్తా మూతిని కత్తితో కోయబోతున్నాడు. అది చూసి ఉమ్ సాలిమ్ ఒక్క కేక పెట్టింది. ఎవరైనా తన పిల్లాడి చెయ్యి పట్టుకుంటే పెట్టే కేక. సాలిమ్ తడబడుతూ, "కోయవద్దంటోంది! ఎడమ చెవిలో దారం కొస దాక్కుని ఉంటుంది, అది పట్టి లాగమంటోంది" అన్నాడు.

అధికారి తనే వంగింది. ఎడమ చెవి మడత విప్పి, కొస దొరకబుచ్చుకుని లాగింది. సర్రున ఏడు కుట్లూ ఊడి సంచి నోరు తెరిచింది. ఆ పిల్ల ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. ఇంకో బస్తా మూతి లాగింది. ఇంకోటి. ఇన్నాళ్లూ వాళ్లు కత్తులతో కోస్తున్నారు.

"ఉత్తరం అసలు కాపీ పంపండి. కాయలను పరీక్షకు పంపాం, రిపోర్టు కూడా రావాలి" అంది. ఒక్క క్షణం ఆగి, "అమ్మకు చెప్పండి, కుట్టు బాగుంది" అంది.

పందిరి వెనక నుంచి ఎవరో దగ్గారు. మేకని చెప్పాను. అబద్ధమే. కాగితం మీద కాదు కదా.

రిపోర్టు వచ్చింది, పద్నాలుగో రోజు సరుకు వదిలారు.

ఆర్మూర్ పక్కన

బయలుదేరే ముందు గంగారాం నా చేతిలో చిన్న ఈతాకు సంచి పెట్టాడు. ముసలమ్మ అల్లింది, మూతి ఇతను కుట్టాడు. "పదకొండు ఖర్జూరాలున్నయ్ అక్కా. నేనే ఉడికిచ్చిన. మా అక్కకు ఒడిబియ్యం పొయ్యక ఆరేండ్లాయె. నా పేరు మీద నువ్వు పొయ్యి."

హైదరాబాద్ విమానాశ్రయంలో దాన్ని చూసి "ఎక్కడివమ్మా ఇవి?" అని అడిగారు. "ఒమన్‌వి. కావాలంటే దీని తల్లితో మాట్లాడిస్త" అన్నాను. చెయ్యి ఊపి పొమ్మన్నారు.

గంగారాం అక్క పేరు రాజవ్వ. నేను వెళ్లేసరికి గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. నేను బియ్యం, కుడుకలు, పోకలు, రవిక గుడ్డ అన్నీ పట్టుకెళ్లాను. సంగతి చెప్తున్నంతసేపూ ఆమె తలెత్తలేదు. బీడీలు మాత్రం మెల్లగా చుట్టింది.

ఈతాకు సంచి చేతికిస్తే తిప్పి చూసింది. వెతకలేదు, తడుముకోలేదు. ఎడమ చెవిలోంచి దారం లాగింది. ఒడిలో పోసుకుని లెక్కపెట్టింది. పదకొండు. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుంది.

తర్వాత అన్నీ తిరిగి సంచిలో వేసి, లోపలికి వెళ్లి దబ్బనం తెచ్చుకుని మూతి కుట్టడం మొదలుపెట్టింది.

"ఏందవ్వా, వద్దా?" అన్నాను.

"ఒడిబియ్యం ఎవలచేతనో పంపుతె వస్తదా? తోడవుట్టినోడు ఎదురుంగ నిలవడి పొయ్యాలె" అంది దారం గుంజుతూ. "వాని సరుకు నువ్వే పెట్టుకో. వాడే వచ్చి ఇప్పాలె. నేను ఇప్ప."

ఆ సాయంత్రం గంగారాంకు ఫోన్ చేశాను. రాజవ్వ ఏడ్చిందని, గంగారాం పేరు తలుచుకుని సొమ్మసిల్లిందని, ఊరంతా కదిలొచ్చిందని, దారి పొడవునా నాలుగు రకాల కథలు కట్టుకున్నాను. తీరా అతను "ఏమన్నది?" అంటే ఉన్నదే చెప్పాను.

అవతల కొప్పెర ఉడుకుతున్న చప్పుడు.

"మూతి మల్ల ఎవలు కుట్టిన్రు?" అన్నాడు.

"మీ అక్కనే."

"ఎన్ని కుట్లు ఏసింది?"

"ఏడు."

"ఈడ ఉడుకుడు ఇంక ఇరవై దినాలున్నది అక్కా. ఎంబసీ కాడ లైన్ల ఎన్నడు నిలవడాల్నో రావుసారును అడిగి చెప్పు" అన్నాడు.

ఆ సంచి ఇప్పుడు నా దుకాణంలో, గల్లాపెట్టె పైన మేకుకు వేలాడుతోంది. అడిగినవాళ్లకు దాని కథ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్తున్నాను. రాజవ్వకు మాత్రం మర్నాడే మళ్లీ ఆర్మూర్ బస్సెక్కి వెళ్లి, తమ్ముడు అన్న రెండు ముక్కలూ చెప్పి వచ్చాను. వాటికి నేనేమీ కలపలేదు.